కార్బరేటరు ఓబయ్య కాణిపాకం ప్రమాణం

రెండు జిల్లాల్లో టూ స్ట్రోకు బండి ఉన్నవాడు ఎవడైనా సరే, ఇవాళ కాకపోతే రేపు పాకాలకు వచ్చి ఓబయ్య అంగడి ముందర స్టాండు వేయక తప్పదు. ఒకప్పుడు ఈ మాట ఒక జిల్లాకే చెల్లేది. జిల్లాను కోసి పాకాలను తిరుపతి పక్కకు, కాణిపాకాన్ని చిత్తూరు పక్కకు వేసినాక ఓబయ్య పేరు కూర్చున్న చోటనుంచే రెండు జిల్లాలకు పాకింది. ఆయన శ్రమ లేకుండా పెరిగిన కీర్తి అదొక్కటే. తక్కిందంతా ఆయన నోటి కష్టం.

ఓబయ్య పుట్టింది దామలచెరువు పక్కన ఒక పల్లెలో. నాయన చెనక్కాయల సేద్యగాడు. ఊళ్లో ఒంటి పంతులు బడి. అందులో ఐదో తరగతి దాకా చదివినాడు. ఆ పంతులు ఒకనాడు ఓబయ్య చెవి పట్టుకొని, "ఏం చెవులురా నీవి, మెలెయ్యడానికి ఇంత వీలుగా ఉండాయి" అన్నాడంట. ఓబయ్య లెక్క ప్రకారం ఆయన చెవుల గొప్పతనాన్ని మొట్టమొదట కనిపెట్టిన విద్వాంసుడు ఆ పంతులే. తర్వాత చిత్తూరులో ఒక మేస్త్రీ దగ్గర చేరినాడు. రాజ్‌దూత్‌లు, యెజ్డీలు రోడ్డు మీద రాజ్యం చేసే కాలం. మేస్త్రీ చెయ్యి తిరిగినవాడు, మాట తక్కువ మనిషి. శిష్యుడు మొదటిది బాగానే నేర్చుకున్నాడు. రెండోదాని జోలికి పోలేదు.

ఆయన విద్య ఏమిటో చెప్పాల. ఇంజనుకు ఒట్టి పెట్రోలు పోస్తే సరిపోదు, గాలి కూడా కావాల. రెండింటినీ సంగటిలో ఊరిబిండి పచ్చడి కలిపినట్టు సరైన పాళ్లలో కలిపి ఇంజను నోట్లో పెట్టేది కార్బరేటరు. చూస్తే పిడికిలంత ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే బండి పొగ కక్కుతా మూలుగుతుంది. గాలి ఎక్కువైతే ఉత్సాహంగా అరిచి అరిచి, కాగిపోయి, నడి రోడ్డులో పట్టేసుకుంటుంది. ఓబయ్య గాలి స్క్రూను చివరిదాకా బిగించి, మళ్లీ వెనక్కి కొంచెం కొంచెంగా తిప్పుతా కండ్లు మూసుకుంటాడు. తల ఒక పక్కకు వాలుస్తాడు. ఇంజను శబ్దం ఒకచోట నిమ్మళిస్తుంది. ఆడ ఆపేస్తాడు. కాసేపు తిప్పుకొని రమ్మంటాడు. వచ్చినాక ప్లగ్గు విప్పి దాని మూతి చూపిస్తాడు. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే గాలి ఎక్కువ, వేంచిన చెనక్కాయ పొట్టు రంగులో ఉంటే ఓబయ్య చెయ్యి పడినట్టు. ఇందులో అబద్ధం గోరంత కూడా లేదు. పని తెలిసినవాడే.

పని తెలిసినవాడు పని చేసి ఊరుకుంటే ఆయన గురించి రాయడానికి ఏముంటుంది? ఓబయ్య స్క్రూ తిప్పే కుడిచేయి ఎంత పొదుపో, మాట తిప్పే నాలుక అంత ధారాళం. మన పక్క దీన్ని ఎచ్చులు పోవడం అంటారు. ఆయన ఎచ్చులు ముఖ్యంగా మూడు. ఒకటి, సూళ్లూరుపేట నుంచి రాకెట్లు ఎగరేసే పెద్దాయన ఒకడు యెజ్డీ వేసుకొని వచ్చి, సెట్టింగు చూసి, "ఓబయ్యా, నీ చెవులు మా దగ్గిరుంటే మాకు కంప్యూటర్లు ఎందుకు?" అన్నాడు. రెండు, ఆ పక్కనే ఫ్యాక్టరీకి వచ్చిన జపాను దొర ఒకడు దారిలో ఆగి, ఓబయ్య పనితనం చూసి నడుము వంచి దండం పెట్టినాడు. మూడు, ఓబయ్య సెట్టింగు చేసిన రాజ్‌దూత్ ముగ్గురు మనుషుల్ని, ఒక పనసకాయల మూటను మోసుకొని, ఎక్కడా కింది గేరు అడగకుండా హార్సిలీ కొండ ఎక్కింది. మొదట్లో ముగ్గురు మనుషులే. పనసకాయలు తర్వాత ఎక్కినవే.

నడుమ ఒక చెడ్డకాలం వచ్చింది. టూ స్ట్రోకు బండ్లు చేయడం ఆపేసినారు. ఉన్నవాటిని పాత ఇనుప సామాన్లవాడు కూడా మొహం చిట్లించి తీసుకుపోయినాడు. ఓబయ్య అంగట్లో ఈగలు సెట్టింగు చేసుకుంటా కూర్చున్నాడు. ఉన్నట్టుండి దేశానికి పాత బండ్ల పిచ్చి పట్టుకుంది. గడ్డివాముల కింద కోళ్లు గుడ్లు పెట్టుకునే బండ్లను లాగి, కడిగి, క్రోమియం పూయించి, కొత్త పెండ్లికూతురు మాదిరి గుడ్డ కప్పి దాచుకునేవాళ్లు పుట్టుకొచ్చినారు. నాయన తొక్కినప్పుడు ఆ పొగకు ముక్కు మూసుకున్న పిల్లోళ్లే ఇప్పుడు ఆ పొగను సాంబ్రాణి మాదిరి కండ్లు మూసుకొని పీలుస్తా ఉండారు. ఓబయ్యకు మళ్లీ పొద్దు పొడిచింది.

అట్లా వచ్చినవాడే ధర్మేంద్ర. తిరుపతిలో ప్లాట్ల యాపారం. ఎర్ర రంగు ఆర్ఎక్స్ హండ్రెడ్ ఒకటి ఉంది. దాని మీద కూర్చొని ఫోనులో రీలు చేయని రోజు లేదు. "మా తాత మా నాయనకు పెండ్లిలో కొనిచ్చిన బండి, మూడు తరాల ముద్దుబిడ్డ" అని ప్రతి రీలులోనూ ఆ ట్యాంకును నిమురుతా చెప్తాడు. ఆ బండి మీద చేసినంత ప్రేమ వాళ్ల తాత మీద కూడా ఎవరూ చేసి ఉండరు.

బండి తెచ్చిన రోజు ధర్మేంద్ర ఫోను ఎత్తిపట్టుకొని, "అన్నా, ఈ కార్బరేటరు అసలుదేనా? కొన్నప్పుడు బండితో వచ్చిందేనా? జపాన్‌దేనా?" అని అడిగినాడు.

ఫోను తన పక్కకు తిరిగి ఉందని ఓబయ్య గమనించినాడు. అంతే, చొక్కా గుండీ సవరించుకున్నాడు. బండి పక్కకు వంగను కూడా వంగకుండా, ముక్కు రవంత ఎగబీల్చి, "అబ్బోడా, దీన్ని కంటితో సూసేది ఏముండాది? వాసనకే తెలస్తాది నాకు. ఒట్టి జపాన్ సరుకు! ఇట్టాంటిది రెండు జిల్లాల్లో ఇంకోటి ఉంటే ఈ ఓబయ్య మీసం తీసేస్తాడు" అన్నాడు.

ఓబయ్యకు మీసం లేదు. అయినా రీలు బాగా పోయింది.

బండిని ఒక పూట ఉంచుకొని, కార్బరేటరు విప్పి, కడిగి, బిగించి, సెట్టింగు చేసి ఇచ్చినాడు. ధర్మేంద్ర తుమ్మెద మాదిరి జుమ్మని పోయినాడు. తర్వాత తిరుపతిలో పాత బండ్ల వాళ్లంతా కలిసే కూటానికి పోతే, ఆడ ఒకడు సెల్లు లైటు వేసి కార్బరేటరు కింద చూసి, "ఇది జపాన్‌ది కాదబ్బా. ఎవుడో పోత పోసిన నకలు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినారు. మూడు తరాల ముద్దుబిడ్డకు కడుపులో పేగు మారిపోయిందని తెలిసి ధర్మేంద్ర తెల్లారేసరికి పాకాలలో దిగినాడు.

అంగడి ముందర అప్పుడు ఓబయ్య, ఆయన స్నేహితుడు ధనంజయ టీ తాగుతా ఉన్నారు. ధనంజయ ప్రైవేటు బస్సు తోలి తోలి విశ్రాంతి తీసుకున్న డ్రైవరు. బస్సు లేదు గానీ హారన్ లాంటి గొంతు అట్లనే ఉంది. టీ అంగడి కోమలి గ్లాసులు తీసుకుపోను వచ్చి నిలబడింది.

"ఓబయ్యా! నా కార్బరేటరు యాడ?" అన్నాడు ధర్మేంద్ర. మొన్న అన్నా అన్నవాడు ఇవాళ పేరు పెట్టి పిలిచినాడు.

"యాడుంటాది, బండిలోనే ఉంటాది. తెల్లార్తోనే కల్లు దాగినావా ఏంది?"

"బండిలో ఉండేది నకలంట. అసలుది తీసి పెట్టుకున్నావు."

"నోరు సరిగ్గా పెట్టుకో అబ్బోడా! నేను తియ్యలేదు. నువ్వు తెచ్చినప్పుడే..." అని ఓబయ్య అక్కడ ఆగిపోయినాడు.

ధర్మేంద్ర ఫోను తీసి రీలు పెట్టినాడు. ఓబయ్య గొంతు ఓబయ్యకే వినిపించింది. వాసనకే తెలస్తాది నాకు. ఒట్టి జపాన్ సరుకు.

"తెచ్చినప్పుడు జపాన్‌ది అని సెప్పింది ఎవురు? నువ్వే. ఇప్పుడు నకలు. నడుమ ఇది ఎవురి సేతిలో ఉన్నింది? నీ సేతిలోనే. ఇంక నేనేమనుకోవాల?"

పెద్ద వకీలు కూడా ఇంత చక్కగా కట్టలేడు. కోమలి గ్లాసులు చేతిలో పట్టుకొని కదలకుండా నిలబడింది. రోడ్డున పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగినారు. ఓబయ్య ముందర రెండు దోవలే ఉన్నాయి. ఒకటి, దొంగ అనిపించుకోవడం. రెండు, "నేను అప్పుడు సూడకుండానే సెప్పినా" అనడం. రెండో మాట నాలుక చివరి దాకా వచ్చి, చుట్టూ ఉన్న మొహాలను చూసి వెనక్కి పోయింది. ఇంతకాలం వాసన పట్టినవాడు చూడలేదని ఎట్లా చెప్తాడు? అందుకని ఆయన మూడో దోవ తొక్కినాడు. గొంతు పెంచినాడు.

"కాణిపాకంలో ప్రమాణం సేస్తా!"

మన పక్క కోర్టులు రెండు రకాలు. ఒకటి చిత్తూరులో ఉంది. దానికి వకీళ్లు, వాయిదాలు, అప్పీళ్లు ఉన్నాయి. మనవడి పెండ్లికి తీర్పు వస్తే తొందరగా వచ్చినట్టు. రెండోది కాణిపాకం. దానికి వకీలు లేడు, వాయిదా లేదు, అప్పీలు అసలే లేదు. తలకు నీళ్లు పోసుకొని, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుని ఎదట నిలబడి మాట చెప్పాల. అబద్ధం చెప్పినవాణ్ణి సామి చూసుకుంటాడు. ఎట్లా చూసుకుంటాడని ఎవరూ అడగరు. ఊరికొక కథ ఉంది, ప్రతి కథలోనూ పక్కూరి వాడు చెడిపోయి ఉంటాడు. ఓట్లు కొన్నవాడు కూడా, కొనలేదని ఎక్కడైనా చెప్తాడు గానీ ఆడ చెప్పడు.

ఆ మాట దగ్గర ఓబయ్య ఆగి ఉంటే ఈ కథ లేదు. కార్బరేటరు ఆయన తీయలేదు. ఆ ఒక్క మాట ధైర్యంగా చెప్పి రావచ్చు. కానీ పదిమంది వింటా ఉన్నారు. ఓబయ్యకు చిన్న ప్రమాణం ఆనలేదు.

"ఈ ఒక్క కార్బరేటరు కోసం కాదు! నేను ఈ అంగట్లో కూసోని ఇంతకాలం సెప్పిన మాటల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి అబద్ధం లేదని ప్రమాణం సేస్తా! సాలునా?"

"సాలు. అదే మాట సెయ్యి. ఆదివారం" అన్నాడు ధర్మేంద్ర.

"ఒప్పుకుంటిమి!" అని ధనంజయ బస్సు తోలినంత గట్టిగా అరిచినాడు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయేలోపల ఆ వార్త ఓబయ్య కంటే ముందే పోయి కూర్చోనుంది. పెండ్లాం తిరుమలమ్మ సంగటి ముద్ద గిన్నెలో వేసి, గుంత చేసి, పులుసు పోసి ముందర పెట్టింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఓబయ్యకు భయం.

"ఏమ్మే, గమ్మునుండావు?"

"ఏమంటాను. కార్బరేటరు నువ్వు తియ్యలేదని నాకు తెలుసు. ఇంట్లో ఉప్పుడబ్బా యాడుండాదో తెలియనోడివి, దొంగతనం ఏం సేస్తావు? నా బాధ అది కాదు. హార్సిలీ కొండ సంగతి ఏం సేస్తావు?"

"దానికేమి?"

"ఆ ముగ్గుర్లో ఒకదాన్ని నేనే కదయ్యా. మా తమ్ముడొకడు. కొండ కింద గేటు దాటినాక బండి ఆగిపోతే ఎనకాల నుంచి నెట్టింది ఎవురు? నువ్వు పైన కూసోని హ్యాండిలు పట్టుకోని, 'నెట్టండి నెట్టండి, ఇంజను మంచి ఊపులో ఉండాది' అంటివి."

ఓబయ్య సంగటి ముద్దను చాలాసేపు పులుసులో అటూ ఇటూ తిప్పినాడు.

"మరి సామి అంత లోతుకు పోతాడంటావా?"

"ఒక్కటంటే ఒక్కటి అనింది నువ్వే" అన్నది తిరుమలమ్మ.

ఆదివారం ఇంకా దూరంగా ఉంది. ఓబయ్య కూర్చొని ఆలోచించినాడు. అప్పటికి చెప్పి ఉన్న మాటలను ఇప్పుడు సరిచేస్తే అవి అబద్ధాలు కాకుండా పోతాయి కదా అని తోచింది. ఆయన బుద్ధికి అదొక సెట్టింగు పనిగానే కనిపించింది. పెట్రోలు ఎక్కువైంది, కొంచెం గాలి వదలాల.

మొదట కోమలి టీ అంగడికి పోయినాడు.

"అమ్మా కోమలీ, ఆ జపాను దొర ఉండాడు సూడు, ఆయప్ప నాకు దండం పెట్టలేదు. బూటు దారం ఊడిపోతే కట్టుకోడానికి వంగినాడు."

కోమలి నవ్వింది. "ఊరుకో పెద్దాయనా. ఎవుడో ఒక మాటన్నాడని ఇంత కుంగిపోతే ఎట్ల? వంగినాడు, మాకు తెల్దా? ఈడికి టీ తాగను వచ్చినోళ్లందరికీ నేనే సెప్తా ఉండా."

"లేదమ్మా, ఒట్టు. బూటు దారమే."

"నీ మంచితనమే నీకు శత్రువు" అని ఆమె టీలో ఇంకో చెంచా చక్కెర వేసి ఇచ్చింది.

ధనంజయ దగ్గర ఇంకా కష్టమైంది.

"బూటు దారమా? ఏం మాట్లాడతా ఉండావు ఓబయ్యా? నేను కండ్లారా సూసినా! నడుము ఈడికి వంచినాడు. నాకు కూడా ఒక దండం పెట్టినాడు."

"నువ్వు ఆ పొద్దు ఆడ లేవు కదప్పా. బస్సు తీసుకోని నగరికి పోయింటివి."

"నగరి నుంచి వస్తా సూసినా!" అన్నాడు ధనంజయ కోపంగా. "నీకు మతి పోతే నా కండ్లు కూడా పోయినాయా?"

అట్లా రెండు మూడు రోజులు తిరిగినాడు. రాకెట్ల పెద్దాయన రాకెట్లు ఎగరేసేవాడు కాదు, ఆడ క్యాంటీన్లో ఇడ్లీలు పోసే మనిషి అని చెప్పబోతే, "అంత రహస్యమైన పని సేసేవాళ్లు ఇడ్లీలు పోస్తామనే సెప్తారు" అని ఎదుటివాడే ఓబయ్యకు నచ్చజెప్పినాడు. ఇన్నేండ్లు ఊరి నోట్లో పెట్టిన మాటను ఇప్పుడు వెనక్కి లాక్కుంటానంటే ఊరు ఎందుకు ఇస్తుంది? ఓబయ్య గొప్పవాడు కాకపోతే, ఓబయ్యకు టీ పోసినవాళ్లు, ఓబయ్య పక్కన కూర్చున్నవాళ్లు, ఓబయ్య చేత బండి చేయించుకున్నవాళ్లు ఏం కావాల? వాళ్లు కూడా గౌరవస్తులే కదా. చివరికి ఆయనకు ఇంకొక బిరుదు కూడా తగులుకుంది: ఇంతటివాడై ఉండి గొప్ప చెప్పుకోనివాడు.

పాకాలలో బతికిన మనిషి ఎవరికీ ఇంత పెద్ద ఆపద ఎప్పుడూ రాలేదు. ప్రమాణం చేస్తే సామి వదలడు. చేయకపోతే దొంగ. దొంగ చేతికి ఎవడు మాత్రం కార్బరేటరు ఇస్తాడు? ఆ అంగడి రేకుల కొట్టం, ఆ స్క్రూ, ఆ చెవులు, అన్నీ ఆదివారంతో సరి.

ఆదివారం కాణిపాకంలో జనం చీమల్లాగా ఉన్నారు. ధర్మేంద్ర ఎర్ర బండి మీద, నల్ల అద్దాలతో, ఫోను చేతిలో పట్టుకొని వచ్చినాడు. ఓబయ్యను, తిరుమలమ్మను, ధనంజయను బస్సు దింపింది. ఓబయ్య తలకు నీళ్లు పోసుకున్నాడు. తడి పంచె కాళ్లకు చుట్టుకొని నడవనివ్వలేదు. వరసలో నిలబడినవాళ్లు ప్రమాణం అనే మాట వినగానే మెడలు సాచినారు. దేవుణ్ణి రోజూ చూడొచ్చు, ఇది ఎప్పుడో గానీ దొరకదు.

ఎదట నిలబడినాక పూజారి, "ఏమని ప్రమాణమయ్యా? తొందరగా సెప్పు, ఎనకాల జనం ఉండారు" అన్నాడు.

ధర్మేంద్రే అందించినాడు. "తన అంగట్లో కూసోని సెప్పిన మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదని సామీ. ఆయన నోటి మాటే అది."

ఓబయ్య చేతులు జోడించినాడు. వినాయకుణ్ణి చూసినాడు. ఇన్నేండ్లు ఇంజను ముందర కండ్లు మూసుకొని వినడం అలవాటైన మనిషి, ఈ ఒక్కచోట కండ్లు మూసుకోలేకపోయినాడు. నోరు తెరిచినాడు. మళ్లీ మూసినాడు. వెనకనుంచి ఎవరో, "దొంగే అనుకుంటా" అని గొణిగినారు. ఆ గొణుగుడు ఆయన పెద్ద చెవుల్లో బాగానే పడింది.

"సామీ" అన్నాడు ఓబయ్య. "కార్బరేటరు నేను తియ్యలేదు. నా సేతికి వచ్చిందే కడిగి బిగించినా. ఇది ప్రమాణం. ఇది అబద్ధమైతే నువ్వు నన్ను ఏమన్నా సెయ్యి."

"పూర్తిగా సెయ్యి!" అన్నాడు ధర్మేంద్ర. "ఒక్కటంటే ఒక్కటి అంటివి కదా! జపాన్‌ది అని సెప్పింది నిజమా, అబద్ధమా?"

ఓబయ్య తడిబట్టల్లో ఇంకా చిన్నగా అయిపోయినాడు. తర్వాత ఒక్కసారిగా మాటలు తెగిన గట్టు మాదిరి వచ్చేసినాయి.

"అబద్ధమే సామీ! నేను సూడలేదు. అసలు వంగనే లేదు. వాసన గీసన ఏమీ లేదు, ఆడ వచ్చేది పెట్రోలు వాసనొక్కటే. ఫోను నా పక్కకు తిప్పినాడు, నా బుద్ధి గడ్డి తినింది. ఆ తర్వాత కడిగేటప్పుడు కూడా, జపాన్‌ది అని నేనే అంటిని కదా, ఇంక సూసేదేముండాదని సూడలేదు. నా మాట నేనే నమ్మేసినా సామీ! ఆ జపాను దొర బూటు దారం కట్టుకున్నాడు. రాకెట్ల మనిషి ఇడ్లీలు పోస్తాడు. హార్సిలీ కొండకు బండిని మా ఆడమనిషి నెట్టింది. పనసకాయలు అసలు లేనే లేవు. నేను దొంగను కాదు సామీ, ఎచ్చులోణ్ణి!"

వరసలోవాళ్లు మెడలు ఇంకా ముందుకు సాచినారు. తర్వాత ఒక ముసలామె, "అయ్యో పాపం, పనసకాయలు కూడా లేవంట" అన్నది. ఇక జనం ఆపుకోలేకపోయినారు. పూజారి కూడా కండువా అడ్డం పెట్టుకున్నాడు. ధనంజయ మాత్రం నేల చూస్తా ఉన్నాడు. జపాను దొర తనకు పెట్టిన దండం కూడా ఇప్పుడే గంగలో కలిసింది.

అయినా ధనంజయ బస్సు డ్రైవరు. దారి మూసుకుపోయినచోట హారన్ కొట్టడం ఆయన ధర్మం. తలెత్తి ధర్మేంద్ర పక్కకు తిరిగినాడు.

"సరేనప్పా. ఈయప్ప తన మాట తాను సెప్పినాడు. ఇప్పుడు నీ వంతు. నిందేసినోడు కూడా ప్రమాణం సెయ్యాల. బండి పాకాలకు తెచ్చినప్పుడు దాంట్లో అసలు కార్బరేటరే ఉన్నిందని సెయ్యి."

"నేనెందుకు సెయ్యాల?"

"సెయ్యి అబ్బోడా" అన్నారు వరసలోవాళ్లు. ఒకటి చూసినారు. రెండోది కూడా దొరికితే ఎవరు వద్దంటారు?

"ఆ బండి మీ తాతది కదా" అన్నది తిరుమలమ్మ నిమ్మళంగా. "కొన్ననాటి నుంచి మీ ఇంట్లోదే. దాని కడుపులో ఏముందో నీకు తెల్దా నాయనా?"

ధర్మేంద్ర నల్ల అద్దాలు తీసినాడు. వినాయకుణ్ణి చూసినాడు. ఫోను తన పక్కకు తిరిగి లేదు కాబట్టి కావచ్చు, రీళ్లలో చెప్పే తాత కథ ఎత్తుకోలేదు. చివరికి తిరుమలమ్మకు మాత్రమే వినిపించేటట్టు, "అది మా తాతది కాదమ్మా. పోయినేడు నగరిలో ఒక బ్రోకరు దగ్గిర కొన్నా. దాంట్లో ఏముండాదో నాకేం తెలుసు?" అన్నాడు.

తిరుమలమ్మకు మాత్రమే వినిపించిన మాటను ధనంజయ వరస చివరిదాకా వినిపించినాడు.

"మరి మీ తాతకు ఏ బండి ఉన్నింది?" అని ఎవరో అడిగినారు.

"ఎద్దుల బండి" అన్నాడు ధర్మేంద్ర.

పూజారి ఇద్దరికీ తలా ఒక పువ్వు ఇచ్చి పక్కకు తోసినాడు. సామికి ఇంకా చాలామందిని చూడాల్సి ఉంది.

గుడి బయట నీడలో ఓబయ్య పంచె పిండుకుంటా ఉన్నాడు. చివరికి ధర్మేంద్రే దగ్గరకు వచ్చినాడు. అద్దాలు చొక్కా జేబులో ఉన్నాయి.

"అన్నా, కోపం పెట్టుకోవాకు. నకలో గికలో, నువ్వు సెట్టింగు సేసినాక బండి మాత్రం బాగా పోతా ఉండాది. నీ దగ్గిరే ఇడుస్తా, ఇంకెవురికీ ఇయ్యను. ఒక్క మాట సెప్పు. దీనికి అసలైన జపాన్ కార్బరేటరు ఇప్పుడు యాడ దొరకతాది?"

ఓబయ్య తల లేచింది. వెన్ను నిటారయింది. కుడి చెయ్యి లేని మీసం మీదికి పోయింది. చుట్టూ చూసినాడు. టెంకాయల అంగడి ముందర నలుగురు నిలబడి వింటా ఉన్నారు. రెండు జిల్లాల్లో ఈ ప్రశ్నకు ఓబయ్య దగ్గర జవాబు లేకుండా పోవడం ఇంతవరకు జరగలేదు. నోరు తెరిచినాడు.

తడి పంచె ఇంకా కాళ్లకు అంటుకొనే ఉంది.

"నాకు తెల్దు" అన్నాడు.

తిరుమలమ్మ ఉలిక్కిపడి, గబగబా వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "పదయ్యా, బస్సు వస్తా ఉండాది. పొడి చొక్కా వేసుకో. నీకు జొరం వచ్చేటట్టుండాది" అన్నది.